కర్ణము మీది వర్గము

జనవరి 9, 1983. ఆదివారం

మళ్ళీ పరీక్షకి కట్టాను. ఎవరికీ చెప్పకూడదనుకున్నాను. ఈ పొద్దున్న చర్చి గుమ్మం దగ్గరే ముగ్గురు ఆపి, "ఈసారైనా గట్టెక్కుతావా సుగుణా" అని అడిగారు. చెప్పింది ఇంకెవరు, మా అత్తగారే. మార్తమ్మగారి నోట్లో నువ్వుగింజ నానదు.

పదో తరగతిలో మిగతావన్నీ ఎప్పుడో అయిపోయాయి. లెక్కలూ, సైన్సూ ఈ రెండే నన్ను పట్టుకుని వేలాడుతున్నాయి. పెళ్ళికి ముందొకసారి పోయాయి, పెళ్ళయ్యాక ఒకసారి పోయాయి. ఈసారి పోతే ఇంక రాయడం కూడా దండగే. స్టాఫ్ నర్సు వీరలక్ష్మిగారు మొన్న వార్డులో అందరి ముందూ చెప్పేశారు. "ఈ ఏడు పాసైతే ఎ.ఎన్.ఎం. ట్రైనింగుకి నీ పేరు పంపిస్తాను. వచ్చే ఏడు నీకు వయసు దాటిపోద్ది. అప్పుడు నా చేతిలో ఏం లేదు సుగుణా."

అంటే ఈ టెంపరరీ ఆయా పనే చచ్చేదాకా. బెడ్‌పాన్లు మోస్తూ, డాక్టరు మారినప్పుడల్లా "నువ్వెవరు?" అని అడిగించుకుంటూ.

నాకు భయమేం లేదు. సైన్సు నాకు కొట్టిన పిండి, ఆస్పత్రిలో రోజూ చూసేదే కదా. లెక్కలు మాత్రం కాస్త చూసుకోవాలి.

జనవరి 11

లెక్కలు చెయ్యలేదు. తలనొప్పి.

జనవరి 12

వరసగా కాన్పులు. లెక్కలు చెయ్యలేదు.

జనవరి 18

తలనొప్పి. ఈ చిమ్నీ దీపం వల్లే అనుకుంటాను. కరెంటు ఉన్నప్పుడు కూడా వచ్చింది, అది వేరే తలనొప్పి.

జనవరి 23. ఆదివారం

ఆరాధన అయ్యాక సుందరరామయ్య మాస్టారింటికి వెళ్ళాను. రిటైరైన లెక్కల మాస్టారు. ఆయన కోపం రాజోలు మొత్తానికి తెలుసు. అరుగు మీద కూర్చోబెట్టి, మొహమైనా చూడకుండా, "పైథాగరస్ సిద్ధాంతం చెప్పు" అన్నారు.

"లంబకోణ త్రిభుజములో కర్ణము మీది వర్గము..." అని అక్కడ ఆగిపోయాను.

"కర్ణమంటే ఏది?"

"పొడుగ్గా ఉండేదండి."

"పొడుగ్గా కొబ్బరి చెట్టు కూడా ఉంటుందమ్మా."

ఒళ్ళు మండిపోయింది. నా కంటే చిన్న పిల్లలు నలుగురు అదే అరుగు మీద కూర్చుని కిసుక్కుమన్నారు. లేచి వచ్చేద్దామనుకున్నాను. వీరలక్ష్మిగారి మాట గుర్తొచ్చి కూర్చున్నాను. లంబకోణానికి ఎదురుగా ఉండే భుజం కర్ణమట. అంత చిన్న ముక్క ఇన్నేళ్ళూ నాకెవరూ చెప్పలేదు. చెప్పారేమో, నేను వినలేదు.

వచ్చేటప్పుడు మాస్టారన్నారు: "సిద్ధాంతం ఒకటి తప్పకుండా వస్తుంది. అర్థం చేసుకుని రాయి. అర్థం కాకపోతే కంఠతా పట్టు. ముక్క కూడా వదలకు."

అర్థం కాకపోతే అంటారేంటి?

ఫిబ్రవరి 3

సాయంత్రం పెరట్లో తిరుగుతూ సిద్ధాంతం పైకి చదువుతున్నాను. అత్తయ్యగారు గట్టు మీద కూర్చుని కొబ్బరాకు చీరి చీపురుకి ఈనెలు తీస్తున్నారు. దత్తాంశము చెప్పాను, సారాంశము చెప్పాను, నిర్మాణము దాటి ఉపపత్తిలోకి వచ్చేశాను.

"ఆగవే," అన్నారావిడ. "నిన్న మధ్యలో ఇంకోటి చెప్పేవు."

"ఏంటత్తయ్యా?"

"బి కాణ్ణించి కర్ణం మీదికి లంబం గీయవలెను అన్నావు. ఇవాళ గీయలేదు."

పుస్తకం చూశాను. నిజమే. అసలు లంబం గీయకపోతే ఆ తర్వాతదంతా గాల్లో కడుతున్నట్టే.

ఆవిడకి అక్షరం ముక్క రాదు. చర్చి స్త్రీల సమాజంలో పాస్టరమ్మగారు ఒకసారి చదివితే విని, రెండోసారి చదివితే పట్టేస్తారు. పెద్ద పెద్ద కీర్తనలు పొల్లు పోకుండా అప్పజెబుతారు. అది తెలుసు గానీ, లెక్కలు కూడా పట్టేస్తారని నాకేం తెలుసు.

నేను చదువుకోవడం ఆవిడకి ఇష్టం లేదు. ఊరంతా టముకు వేసింది అందుకే. ఇప్పుడు తప్పులు పట్టుకుని సరదా పడుతున్నారు.

ఫిబ్రవరి 8

ఇప్పుడు రోజూ దీపాలు పెట్టే వేళకి ఆవిడే పిలుస్తున్నారు. "రా, చెప్పు." నేను చెబుతాను. సరిగ్గా ఉంటే "ఊఁ" అంటారు. తప్పితే "కాదు" అంటారు. ఎందుకు కాదో ఆవిడకి తెలీదు. వెనక్కెళ్ళి చూసుకుంటే నాకు తెలుస్తోంది.

ఇవాళ ఒక్క "కాదు" కూడా పడకుండా చివరిదాకా వెళ్ళాను. "కనుక, కర్ణము మీది వర్గము మిగిలిన రెండు భుజముల మీది వర్గముల మొత్తమునకు సమానము."

"ఆమేన్," అన్నారు అత్తయ్యగారు.

"ఇది బైబిలు వాక్యం కాదత్తయ్యా. లెక్క."

"అయితే, నిజం కాదా?"

"నిజమే."

"నిజమైతే ఆమేన్ అంటే తప్పేవుందే?"

నవ్వొచ్చింది. ఆమేన్ అన్నాను.

ఫిబ్రవరి 12

మా ఆయన రిగ్గు దగ్గర్నుంచి వచ్చారు. చమురు తవ్వేవాళ్ళ దగ్గర కాపలా పని, వారానికోసారి ఇంటి మొహం చూస్తారు. నేనూ అత్తయ్యగారూ సిద్ధాంతం చెప్పుకుని ఇద్దరం కలిసి ఆమేన్ అంటుంటే గుమ్మంలో నిలబడి విన్నారు. తర్వాత స్నానానికి నీళ్ళు తోడుకోవడానికి వెళ్ళిపోయారు. జ్ఞానప్రకాశం అని పేరు పెట్టారు గానీ ఆ ప్రకాశం ఏదో మనిషి లోపలే ఉండిపోయింది.

నా చదువంటే ఆయనకి పట్టదు.

ఫిబ్రవరి 20. ఆదివారం

ఇవాళ ఒకటి జరిగింది. మాస్టారి అరుగు మీద బొమ్మ గీస్తున్నాను. లంబం గీశాను. చిన్న త్రిభుజాలు రెండూ పెద్దదానికి సరూపాలు అని నోరు చెప్పుకుంటూ పోతోంది. చెప్పుకుంటూ పోతుంటే కళ్ళకి కనబడింది. అవును, అవి నిజంగానే పెద్దదాని పిల్లలు. అదే పోలిక, ఒకటి పక్కకి తిరిగి పడుకుంది, అంతే. ఇన్నాళ్ళూ నోటితో చెప్పిందంతా ఒక్కసారి కాయితం మీద కూర్చుంది.

"మాస్టారండీ, ఇది నిజమేనండి," అన్నాను.

ఆయన కళ్ళజోడు పైకి తోసి నా వైపు చూశారు. "పక్క పేజీ తియ్యి," అన్నారు. ఆయన నోటి నుంచి అది చాలు.

దారంతా పరిగెత్తినట్టు నడిచాను. నాకు లెక్కలొచ్చు. నాకు లెక్కలొచ్చు.

మార్చి 6. ఆదివారం

పరీక్ష రాసేవాళ్ళందర్నీ పాస్టరు అయ్యగారు ముందుకి పిలిచి ప్రార్థన చేశారు. నా భుజం దాకా వచ్చే పిల్లల మధ్య నేను, చీరతో. వెనకనించి ఎవరో నవ్వారు. తలొంచుకున్నాను. కళ్ళు తెరిచి చూస్తే ఆడవాళ్ళ వరసలో అత్తయ్యగారు కళ్ళు గట్టిగా మూసుకుని పెదవులు కదుపుతున్నారు. ప్రార్థనో, సిద్ధాంతమో.

మార్చి 22. మంగళవారం

లెక్కల పేపరు. సిద్ధాంతం వచ్చింది. అదే వచ్చింది, అదే.

చెయ్యి నొప్పెట్టేదాకా రాశాను. బీజగణితంలో ఒకటి వదిలేశాను, అది పోతే పోయింది. ఇంటికొచ్చేసరికి అత్తయ్యగారు వీధిలోనే ఉన్నారు.

"మనది వచ్చిందా?"

"వచ్చిందత్తయ్యా."

"లంబం గీసేవా?"

"గీశాను."

"అంతా రాసేవా?"

"అంతా రాశాను."

ఆవిడ కోడిగుడ్డు కూర చేశారు. హాయిగా తిన్నాను.

మార్చి 23. బుధవారం

వార్డు కడుగుతుంటే గుర్తొచ్చింది. చేతిలో బకెట్టు అలాగే ఉండిపోయింది.

సిద్ధాంతం చివర ఆమేన్ రాశాను.

రాశానా?

రాశాను. కింద గీత కూడా కొట్టాను.

ఇంటికొచ్చి హాలు టిక్కెట్టు వెనక చూశాను. జవాబు పత్రములో పేరు గాని, గుర్తులు గాని, ప్రార్థనలు గాని, విన్నపములు గాని రాసినచో సదరు పత్రము రద్దు చేయబడును. ప్రార్థనలు గాని. ఎన్నిసార్లు చదివినా అదే ఉంది.

మార్చి 24

పొద్దున్నే మాస్టారింటికి వెళ్ళి, ఆ మాట అత్తయ్యగారితో ఎలా అలవాటైందో సహా అంతా చెప్పాను. తిడతారనుకున్నాను. తిట్టలేదు, అదే నన్ను చంపేసింది. ముక్కుపొడుం డబ్బా చేతిలోకి తీసుకున్నారు.

"పేపరు ఎవరిదో తెలియాలని గుర్తు పెట్టేవనుకుంటే పక్కన పెట్టేస్తారమ్మా," అన్నారు. "అనుకోకపోతే ఏం లేదు. దిద్దేవాడి మనసు." డబ్బా మూసి, "రేపు సైన్సు కదా. వెళ్ళి చదువుకో," అన్నారు.

ఏం చదువుతాను? పుస్తకం తెరిస్తే ప్రతి పేజీ చివరా అదే మాట కనిపిస్తోంది.

మార్చి 25

సైన్సు. గుండె బొమ్మ ఇచ్చారు. గీశాను. కవాటాల పేర్లు అటుదిటు రాశానేమో. కొట్టిన పిండి అన్నాను కదా, మొహాన పడింది.

మార్చి 26

మా ఆయన వచ్చారు. ఎవరితోనైనా చెప్పకపోతే తల పగిలిపోయేలా ఉంటే, పెరట్లోకి పిలిచి నెమ్మదిగా చెప్పాను. ఆయన నా మొహంలోకి చూసి, ఉన్నట్టుండి పకపకా నవ్వారు. పెళ్ళయ్యాక ఆయన అంత గట్టిగా నవ్వడం ఇదే చూడటం. కొబ్బరి చెట్టుకి ఆనుకుని మరీ నవ్వారు.

ఇంక మాట్లాడను ఈ మనిషితో.

అత్తయ్యగారికి మాత్రం చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను. ఆ ఆమేన్ ఆవిడ అలవాటు చేసిందే. తెలిస్తే ఆ మనిషి బతకదు.

మార్చి 29

దీపాలు పెట్టే వేళకి అత్తయ్యగారు గట్టు మీద కూర్చున్నారు. "ఇంక చెప్పవా?" అన్నారు.

"పరీక్షైపోయింది కదత్తయ్యా. ఇంకెందుకు?" అని విసుక్కుని లోపలికి వచ్చేశాను.

ఆవిడ చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నారు. నా కోపం ఆవిడ మీద కాదు. నిజంగా కాదు. నా మీదే. కొంచెం ఆవిడ మీద కూడా.

ఏప్రిల్ 1. మంచి శుక్రవారం

పన్నెండింటి నుంచి మూడింటిదాకా ఆరాధన. ఒక్కో ప్రార్థన ముగిసినప్పుడల్లా అందరి కంటే ముందు, అందరి కంటే గట్టిగా ఆమేన్ అనేది మా అత్తగారే. చిన్నప్పటి నుంచీ అంతేనట. ఇవాళ అనలేదు. మొదటి ప్రార్థనకి విని ఉండరనుకున్నాను. రెండోదానికీ అనలేదు. అయ్యగారు కూడా ఒకసారి ఇటు చూశారు. ఆవిడ పెదవులు బిగించి కూర్చున్నారు.

నాకు తెలిసిపోయింది. ఒట్టూ లేదు, పాడూ లేదు. పండక్కని నిన్న వచ్చిన మా ఆయన చెప్పేశారు.

ఇంటికొచ్చాక గుమ్మంలోనే కూలబడ్డారు. "నా నోరేనే. నా పాడు నోరే నీ ఉద్యోగం తినేసింది."

"లేదత్తయ్యా. రాసింది నేను కదా."

"ఈ ముసల్ది కూడా పనికొచ్చేదేదో చేస్తుందని చూపిద్దామనుకున్నానే. చర్చిలో అందరికీ చెప్పుకున్నాను. మా కోడలు నర్సమ్మ అవుద్దని చెప్పుకున్నాను."

నేను ఎన్నాళ్ళనుంచో ఏం రాసుకుంటున్నానో వెనక్కి తిప్పి చదివాను. ఇష్టం లేదట. అందుకే టముకు వేశారట. ఎంత మొద్దుని నేను.

ఆవిడ పక్కన కూర్చుని ఏడ్చాను. ఇద్దరం ఏడ్చాం.

ఏప్రిల్ 3. ఈస్టరు

తెల్లారగట్ల సమాధుల దగ్గర ఆరాధన. ఇవాళ కూడా అనలేదు.

ఏప్రిల్ 10. ఆదివారం

మధ్యాహ్నం సైకిలు చప్పుడైతే బయటికొచ్చాను. సుందరరామయ్య మాస్టారు. మా పేటకి ఆయన రావడం ఎప్పుడూ చూడలేదు. మా ఆయన హడావిడిగా కుర్చీ తెచ్చి వేశారు.

"మీ అత్తగారు ఉన్నారా అమ్మా?" అన్నారు. అత్తయ్యగారు కొంగు భుజాల చుట్టూ కప్పుకుని వచ్చి గుమ్మానికి అటువైపు నిలబడ్డారు.

"మార్తమ్మగారూ, నేను చాలా ఏళ్ళు పేపర్లు దిద్దేనండి. మా పిల్లల పేపర్లు సగానికి సగం పైన శ్రీరామ అని ఉంటుందండి. కొందరు ఓం అని పెడతారు. కొందరు వాళ్ళ ఇలవేల్పు పేరు పెడతారు. అదీ ప్రార్థనే కదండీ, రూలు ప్రకారం అదీ తప్పే. నేను ఒక్కరిదీ కొట్టెయ్యలేదండి. నాతో దిద్దినవాళ్ళెవరూ కొట్టెయ్యలేదు. అది చూడనట్టే కిందికెళ్ళిపోతాం. మా పిల్లలు పైన రాసేరు, మీ కోడలు కింద రాసింది. అంతేనండి తేడా."

"మరి ఆ రోజు ఈ మాట చెప్పలేదేంటండీ?" నేను అడిగేశాను. అడక్కపోతే నా నోరు ఊరుకోదు.

మాస్టారు తల దించుకున్నారు. "ఆ రోజు నాకు తోచలేదమ్మా. శ్రీరామ చూసి చూసి నా కంటికి అది మామూలైపోయింది. నువ్వు ఆమేన్ అనేసరికి గుర్తనిపించింది. రెండు వారాలు ఆలోచిస్తే గాని నాకు తట్టలేదు. అది తట్టేక ఇంట్లో కూర్చోలేకపోయేను."

అత్తయ్యగారు మెల్లగా అడిగారు. "దిద్దేవారు కూడా మీలాగే అనుకుంటారంటారా అండి?"

"అనుకోవాలండి. అనుకుంటారనే నేననుకుంటున్నాను."

"ఆయ్," అన్నారు అత్తయ్యగారు.

మా ఆయన చెట్టెక్కి బొండాలు దింపారు. మాస్టారు ఒకటి పూర్తిగా తాగి, ఇంకోటి సైకిలుకి కట్టించుకుని వెళ్ళారు.

ఏప్రిల్ 19

నాకేం దిగుల్లేదు.

మే 4

ఎండలు. దిగుల్లేదు. ట్రైనింగుకి పేర్లు జూన్‌లో పంపిస్తారని వీరలక్ష్మిగారు చెప్పారు. "అప్పటికి రిజల్టు ఉంటే నీ పేరు ఉంటుంది, లేపోతే లేదు." నేను అడగలేదు, ఆవిడే చెప్పారు.

మే 17

దిగుల్లేదని ఎందుకు రాస్తున్నానో. నిద్ర పట్టడం లేదు. రద్దు చేయబడును, రద్దు చేయబడును అని గడియారం కొట్టినట్టు కొడుతోంది.

మే 28. శనివారం

రిజల్ట్స్ పేపర్లో వస్తాయని తెలిసి, ఆయన డ్యూటీ మానేసి మరీ నిన్న రాత్రే వచ్చారు. నేను అడగలేదు. తెల్లారకుండా బస్టాండుకి వెళ్ళారు. నేను నూతి దగ్గర అంట్లు ముందేసుకుని కూర్చున్నాను. ఒక్క గిన్నె కూడా తోమలేదు. అత్తయ్యగారు గుమ్మంలో, నేను నూతి దగ్గర. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

సైకిలు వచ్చింది. బెల్లు కొట్టలేదు. నా పని అయిపోయిందనుకున్నాను.

ఆయన దిగి, పేపరు మడత విప్పి, నా ముందు గొంతుక్కూచుని, వేలు ఒక చోట పెట్టారు. నా నంబరు. చదివాను. మళ్ళీ చదివాను. హాలు టిక్కెట్టు తెచ్చి పక్కన పెట్టుకుని ఒక్కో అంకె చదివాను.

"ఉంది," అన్నారాయన. దారిలో బెల్లు కొట్టడానికి చెయ్యి ఆడలేదట.

అబ్బ. వీపు మీద నుంచి మూట దింపినట్టుంది. గొంతులోంచి ఏదో చప్పుడు వచ్చింది, నవ్వో ఏడుపో. నూతి గట్టు మీద అలాగే వెనక్కి వాలి ఆకాశం చూస్తూ పడుకున్నాను. తడిసిపోయాను. ఎవరూ లేవమనలేదు.

పాసయ్యాను. పాసయ్యాను. ఇది నా పుస్తకం, ఎన్నిసార్లయినా రాసుకుంటాను. పాసయ్యాను.

ఆయనకి పట్టదని రాసిన చోట కొట్టేశాను.

మే 29. ఆదివారం

అయ్యగారు స్తుతి ప్రార్థన మొదలుపెట్టారు. సగంలో ఊపిరి తీసుకోవడానికి ఆగారు. అంతలోనే అత్తయ్యగారు ఆమేన్ అనేశారు, చర్చి కప్పు ఎగిరిపోయేలా. పిల్లలు నవ్వారు. అయ్యగారు నవ్వు ఆపుకుని మిగతాది చదివారు. దానికి కూడా అన్నారు.

మాస్టారింటికి వెళ్ళి పాదాలకి దణ్ణం పెడితే, "బీజగణితంలో వదిలేసింది ఏదో చూపించు, చేద్దాం," అన్నారు. చేసి వచ్చాను.

జూన్ 6

నా పేరు వెళ్ళింది. వీరలక్ష్మిగారు నా ఎదురుగానే సంతకం పెట్టారు. కాకినాడలో ట్రైనింగు. సెలవు దొరికినప్పుడల్లా బస్సెక్కి వచ్చెయ్యొచ్చు. కొత్త డాక్టరుగారు వార్డులోకొచ్చి "నువ్వెవరు?" అన్నారు. "ట్రైనింగుకి వెళ్ళబోతున్న సుగుణనండి," అన్నాను. నాలిక్కరుచుకున్నాను గానీ, ఆయన తలూపి వెళ్ళిపోయారు.

జూన్ 15

మార్కుల మెమో వచ్చింది. సైన్సు ముప్ఫై ఆరు. గట్టున పడ్డాను, అంతే. లెక్కలు అరవై ఒకటి.

అత్తయ్యగారు చేతులు కొంగుకి తుడుచుకుని మెమో అందుకున్నారు. తిరగేసి పట్టుకున్నారు. నేను సరిచేసి లెక్కల దగ్గర వేలు పెట్టి చూపించాను. ఆవిడ ఆ అంకెల్ని మునివేలితో తడిమారు.

"ఇందులో మన దానికి ఎన్నేసేరు?"

"దేనికత్తయ్యా?"

"అదేనే. మన కర్ణానికి."

మెమోలో అలా ఉండదు. మొత్తమే ఉంటుంది. ఆ ప్రశ్నకి ఎన్ని వేశారో, అసలు వేశారో లేదో, ఆ చివరి మాట చూసి ఆ దిద్దిన మనిషి ఏమనుకున్నాడో నాకు తెలీదు, ఎప్పటికీ తెలీదు. ఆవిడ నా మొహంలోకి చూస్తున్నారు. ఆ ఏప్రిల్ నెలంతా నిద్ర లేక ఆ మనిషి కంటి కింద గుంటలు ఎలా పడ్డాయో నేను చూశాను.

"పూర్తిగా వేసేరత్తయ్యా," అన్నాను. "పదికి పదీ."

"పదికి పదా?"

"పదికి పది."

అత్తయ్యగారు మెమో జాగ్రత్తగా నా చేతిలో పెట్టి, మంచం మీద పక్కకి తిరిగి పడుకున్నారు. పట్టపగలు ఆవిడ పడుకోవడం నేనెప్పుడూ చూడలేదు. కాసేపటికి గురక వినిపించింది.